ఇంటి గడప, చట్టపు హద్దు

ఉత్తరమున రామాయపట్నము మొదలుకొని దక్షిణమున పులికాటు సరస్సు వఱకు, పూర్వపు నెల్లూరు జిల్లాకు తూర్పుటంచుగా సాగిన ఇసుకపఱ్ఱలమీది పల్లెలలో, మగవారు తెల్లవాఱక మునుపే పడవలు త్రోసికొని సముద్రముపైకి పోవుట తరతరములుగా వచ్చుచున్న వాడుక. ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు వేట నిషేధమున్న దినములు తక్క, తక్కిన కాలమంతయు పట్టపుపాలెములలో అర్ధరాత్రి దాటిన పిమ్మట ఇండ్లలో మిగులువారు ఆడువారు, ముసలివారు, పసిబిడ్డలు. అట్టి వేళ ఎవడో పెరటి తడిక తొలగించిన చప్పుడైనచో, లోపల పండుకొనియున్న ఇల్లాలి చేతికి దొరకునది వంటయింటి కత్తిపీటయో, మూలనున్న రోకలియో, కారపు డబ్బాయో, చూరులో చెక్కిన తెడ్డో అగును. దానిని ఆమె ఎంతవఱకు ఉపయోగింపవచ్చును? వచ్చినవాడు గాయపడిన ఏమగును? చచ్చిన ఏమగును?

ఈ ప్రశ్నకు ఊళ్లలో దొరకు సమాధానములు రెండు. ఇల్లు దూఱిన దొంగను ఏమి చేసినను అడుగువాడు లేడనునది మొదటిది. దొంగపై చేయి పడినచో దొంగకంటె ముందు మనమే ఊచలు లెక్కపెట్టవలసివచ్చుననునది రెండవది. మొదటి మాటను నమ్మినవారు ఒక్క క్షణపు ఆవేశమున హంతకులగుచున్నారు. రెండవ మాటను నమ్మినవారు చేతనైన ప్రతిఘటనను సైతము మానుకొని తమవారిని ఆపదపాలు చేయుచున్నారు. రెండును తప్పుమాటలే. ఈ రెంటి నడుమ చట్టము గీచిన గీత స్పష్టమైనదే గాని, దానిని మన భాషలో, మన ఊరి సంగతులకు అన్వయించి చెప్పువారు లేకపోవుటచేత, తెలియవలసినవారికి అది తెలియకయే యున్నది.

ఈ విషయమై మన దేశపు శాసనము నిన్న మొన్న పుట్టినది కాదు. 1860లో వెలువడిన భారత శిక్షాస్మృతిలో 96 మొదలు 106 వఱకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును నిరూపించినవి. 2024 జూలై 1వ తేదీన దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే విధులు, స్వల్పమైన మార్పులతో, 34 మొదలు 44 వఱకు గల సెక్షనులుగా నిలిచినవి. 1837లో మొదటి ముసాయిదాను సిద్ధపఱచిన మెకాలే, దోపిడిమూకల దౌర్జన్యమును నోరెత్తక సహించుట ఈ దేశప్రజలకు అలవాటైపోయినదనియు, అట్టివారిలో ధైర్యమును మేల్కొలుపుటయే శాసనకర్త చేయవలసిన పని గాని వారి హక్కునకు మఱిన్ని సంకెళ్లు తగిలించుట కాదనియు తలచెను. ఆ తలపులో పరాయి పాలకుని అహంకారము లేకపోలేదు. అయినను దానివలన మనకు దక్కిన శాసనము మాత్రము ఉదారమైనది. అట్లని ఈ ఆలోచన ఈ నేలకు ఆయనయే తెచ్చిపెట్టినది కాదు. ఇంటికి నిప్పు పెట్టువానిని, విషము పెట్టువానిని, ఆయుధము పట్టి మీదికి వచ్చువానిని ధర్మశాస్త్రములు ఆతతాయి యని పేర్కొని, వాని నెదిరించుటలోని దోషాదోషములను విచారించినవి. విజ్ఞానేశ్వరుని మితాక్షరలో ఆ చర్చ కలదు. తిక్కన సోమయాజికి దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతన, పదమూడవ శతాబ్దమున, ఆ మితాక్షరనే విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తిక్కన కొలిచిన మనుమసిద్ధి ఏలిన విక్రమసింహపురియే నేటి నెల్లూరు గనుక, న్యాయశాస్త్రమును స్వభాషలో వినవలెనను కోరిక ఈ సీమవారికి ఏడువందల యేండ్లనాటిదని చెప్పుకొనవచ్చును.

ఇక శాసనము చెప్పునదేమి? మన శరీరమునే గాక ఇతరుల శరీరమును, మన ఆస్తినే గాక ఇతరుల ఆస్తిని కూడ రక్షించు హక్కు ప్రతి మనుష్యునకు కలదని 35వ సెక్షను చెప్పుచున్నది. తీరగ్రామములకు ఇది మిక్కిలి ముఖ్యమైన మాట. మగదిక్కు సముద్రముమీద నున్న వేళ పొరుగింటి అక్క కేక విని పరుగెత్తివచ్చిన ముసలితాత, ‘నాకు సంబంధము లేని ఇంట నేనేల కలుగజేసికొంటిని’ అని తరువాత భయపడవలసిన పని లేదు. ఆ ఇంటివారికెంత హక్కు కలదో ఆయనకును అంతే కలదు. అయితే ఆ హక్కు అన్ని సందర్భములలోను ఒకే పరిమాణముగలది కాదు. సామాన్యమైన దొంగతనము, పాడుచేయుట, అక్రమప్రవేశము — వీనిని అడ్డగించునపుడు అవసరమైనంత దెబ్బ కొట్టవచ్చునే గాని ప్రాణము తీయు హక్కు లేదు. ప్రాణము పోవునంతటి దెబ్బకు సైతము చట్టము మన్నింపు నిచ్చునది, ఆస్తి విషయమున, నాలుగు సందర్భములలోనే. బలాత్కారముగా దోచుకొనుట ఒకటి. సూర్యాస్తమయమునకు పిమ్మట, సూర్యోదయమునకు ముందు ఇల్లు పగులగొట్టి లోన దూఱుట రెండవది. పాత చట్టములో ‘రాత్రి’ అని యుండిన చోట క్రొత్త చట్టము ఇట్లు విడమరచి చెప్పినది. మనుష్యులు కాపురముండు ఇంటికో, సామగ్రి దాచు కొట్టుకో నిప్పు పెట్టుట, ప్రేలుడు పదార్థము ప్రయోగించుట మూడవది. దొంగతనమో గృహప్రవేశమో జరుగుచున్న తీరు చూడగా, ఇప్పుడు ఎదిరింపకున్న ప్రాణము పోవుననియో కాలు చేయి విరుగుననియో న్యాయమైన భయము కలుగుట నాల్గవది.

రెండవ సందర్భమును కొంచెము నిదానించి చూడవలెను. గోడకు కన్నము వేసి వచ్చుట, గోడ యెక్కియో కిటికీలో దూఱియో మనుష్యులు రాదగని త్రోవను వచ్చుట, తాళము తీసి వచ్చుట, కాపలావానిని కొట్టియో బెదరించియో వచ్చుట మొదలైనవన్నియు ఇల్లు పగులగొట్టుటగానే చట్టము లెక్కించును. తెఱచియున్న తలుపున మెల్లగా వచ్చి చెంబు ఎత్తుకొనిపోవువాడు అక్రమప్రవేశము చేసినవాడే గాని, ఇల్లు పగులగొట్టినవాడు కాడు; వానిపై కత్తి ఎత్తుటకు వాని చేతిలో ఆయుధమో, మీదికి వచ్చు చేష్టయో వేఱుగా కనబడవలెను. వేసవిలో ఉక్కకు తాళలేక వాకిటనే మంచములు వేసికొని తలుపులు బార్లా తెఱచి నిద్రించు ఊళ్లలో ఈ భేదము పుస్తకములోని సూక్ష్మము మాత్రమే కాదు. మఱియొక విశేషమేమనగా, ఇల్లనగా మిద్దెయు మేడయు మాత్రమే కాదు. మనుష్యులు నివసించు గుడారమును, పడవయు చట్టము దృష్టిలో ఇల్లే. తాటాకు గుడిసెకును డాబా యింటికిని ఈ హక్కులో హెచ్చుతగ్గులు లేవు. పడవలోనే వండుకొని, పడవలోనే నిద్రించి రెండు మూడు దినములు నీళ్లమీద గడుపువారికి ఆ పడవయే ఇల్లని చట్టము ఒప్పుకొనుట నాకు మిక్కిలి సంతోషము కలిగించిన సంగతి.

ఇచ్చిన హక్కును చట్టము మూడు విధముల హద్దులో నుంచినది. అవసరమైనదానికంటె ఎక్కువ హాని చేయరాదు. పోలీసుల రక్షణ కోరుటకు వ్యవధి యున్నపుడు దానిని విడిచి చేతికి పని చెప్పరాదు. తన ఉద్యోగధర్మముగా సద్బుద్ధితో వచ్చిన ప్రభుత్వోద్యోగిపై, అతని ఉత్తరువులో చిన్నచిన్న లోపములున్నను, ప్రాణభయము లేనంతకాలము ఈ హక్కును ప్రయోగింపరాదు. వీనిలో మొదటి హద్దే మనుష్యులను ఎక్కువగా భయపెట్టునది. చీకటిలో, నిద్రకంటితో, గుండె దడదడలాడుచుండగా, ఇంత దెబ్బ చాలును, ఇంత దెబ్బ ఎక్కువ యని ఎవరు కొలువగలరు? ఈ సంకటమును మన న్యాయస్థానములు గుర్తింపక పోలేదు. 1950 మార్చిలో మధ్యప్రదేశములోని కట్నీ పట్టణమున మతకల్లోలము చెలరేగినపుడు, ఒక మూక ఒక వర్తకుని సోదరుని ఇంటి భాగమును కొల్లగొట్టి, ఆ ఇంటి స్త్రీలును బిడ్డలును ఇతని భాగములోనికి పారిపోయివచ్చిన పిమ్మట, ఇతని తలుపులను కూడ లాఠీలతో బాదనారంభించినది. అతడు తుపాకి పేల్చెను. ఒకడు మరణించెను, ముగ్గురు గాయపడిరి. క్రింది కోర్టులు హద్దు మీఱినాడని శిక్షించినవి. 1952లో సుప్రీంకోర్టు, జస్టిసు వివియన్ బోసు తీర్పున, ఆ శిక్షను కొట్టివేసినది. తలుపు విఱిగి మూక లోనికి వచ్చువఱకు అతడు కాచుకొని యుండవలెననుట న్యాయము కాదనియు, అట్టి క్షణమున మనిషి చేసినదానిని బంగారము తూచు త్రాసులో తూచరాదనియు ఆ తీర్పు సారాంశము. అంజాద్ ఖాన్ కేసను పేర న్యాయవాదులు నేటికిని ఉదాహరించు తీర్పు ఇదియే.

అటుపిమ్మట 2010లో దర్శన్ సింగ్ కేసున జస్టిసు దల్వీర్ భండారి ఈ విషయమునందలి సూత్రములను పది అంశములుగా క్రోడీకరించిరి. అపాయము నిజముగా సంభవించియే తీరవలెనని లేదు, సంభవించునను న్యాయమైన భయము చాలును. ఆపదలోనున్నవాడు తన దెబ్బను మెట్టుమెట్టుగా కొలిచి వేయవలెననుట అసంభవము. అయినను ఆ దెబ్బ అపాయముతో బొత్తిగా పొంతన లేనిదై యుండరాదు — ఇవి వానిలో ముఖ్యమైనవి. తన ఇంటనుండి తానే పారిపోవలసిన విధి గృహస్థునకు లేదని కూడ న్యాయస్థానములు పలుమాఱులు చెప్పినవి.

ఇంత ఉదారమైన చట్టమే, ఒక్క విషయమున మాత్రము కఠినమైనది: అపాయము తీఱిన క్షణముననే హక్కు తీఱిపోవును. ఇల్లు పగులగొట్టి దూఱినవాడు ఇంటిలో నున్నంతకాలమే వానిపై ప్రాణాంతకమైన హక్కు. వాడు ఇల్లు విడిచి పరుగందుకొన్న పిమ్మట అది లేదు. సొమ్ముతో పాఱిపోవుచున్నచో తరుమవచ్చును, పట్టుకొనవచ్చును, సొమ్ము లాగికొనవచ్చును, ఆ పెనుగులాటలో అవసరమైనంత దెబ్బ వేయవచ్చును. వెన్ను చూపి పోవువానిని వెనుకనుండి చంపరాదు. జయదేవ్ కేసను పేర 1963 నాటి లా రిపోర్టులకెక్కిన తీర్పులో, దాడిచేయ వచ్చినవారు పారిపోవుచు దూరమునకు పోయిన తరువాత వారిపై కాల్పులు జరుపుట ఆత్మరక్షణ కాజాలదని సుప్రీంకోర్టు నిశ్చయించినది. ఇంగ్లాండులో 1999 ఆగస్టున నార్ఫోకు ప్రాంతపు రైతు టోనీ మార్టిన్, తన ఇల్లు దూఱిన ఇద్దఱిపై తుపాకి పేల్చగా, పదియాఱేండ్ల బాలుడు వీపున గుండు తగిలి మరణించెను. జూరీ ఆ రైతును హంతకుడని తేల్చెను, తరువాత అప్పీలులో ఆ నేరము ఒక మెట్టు తగ్గింపబడెను. పౌరుని ఇల్లు వాని కోట యని 1604 నాటి సెమేన్ తీర్పున ప్రకటించిన దేశము అది. ఆ దేశమునందే ఆ కోటకు గల హద్దు ఇట్లు తేలినది. మన చట్టములో సైతము, హక్కు నిజముగా కలిగియుండి సద్బుద్ధితోనే హద్దు మీఱినవానికి నేరము హత్యనుండి, హత్య కాని ప్రాణహరణముగా తగ్గును. తగ్గును గాని పోదు, జైలు తప్పదు.

ఇచట మన తీరమునకు ప్రత్యేకమైన సంగతి యొకటి చెప్పవలసియున్నది. ఇస్కపల్లి, మైపాడు, కోడూరు, తూపిలిపాలెము ప్రాంతములలో గడచిన ముప్పది యేండ్లకు పైగా ఇంటికంటె ఎక్కువగా కాపలా కాయబడునవి రొయ్యల గుంటలు. పంట చేతికి వచ్చు వారములో ఒక రాత్రి వల వేసి నాలుగు బుట్టలు ఎత్తుకొనిపోయినను, ఏరియేటరు మోటారు విప్పుకొనిపోయినను రైతుకు కలుగు నష్టము చిన్నది కాదు. అప్పు తెచ్చి పిల్ల వేసినవాని కడుపుమంట నేనెఱుగుదును. గుంట గట్టుపై రేకుల షెడ్డు, దానిముందు గుంజకు వ్రేలాడు బల్బు, అందొక యానాది కుటుంబము, ఒక టార్చిలైటు — ఇదియే అచటి కాపలా. అయితే గుంట ఇల్లు కాదు. కాపలావారు కాపురముండు షెడ్డు ఇల్లగును, మేతమూటలు దాచు కొట్టు సామగ్రి భద్రపఱచు స్థానమగును; ఆకాశముక్రింద తెఱచియున్న నీటి గుంటలోని రొయ్యలను దొంగిలించుట మాత్రము సామాన్యమైన దొంగతనమే. ఆ దొంగను పట్టుకొనవచ్చును, కొట్టి త్రోయవచ్చును. చంపు హక్కు లేదు, వాడు కాపలావానిపై గడ్డపాఱ ఎత్తిననాడు తప్ప.

ఆ హక్కు లేదని యెఱుగకయో, యెఱిగియు లక్ష్యపెట్టకయో కొందఱు చేయుచున్న పని, గట్టు చుట్టును నేలకు మోకాలెత్తున బైండింగు వైరు లాగి, రాత్రి కాగానే దానికి కరెంటు తగిలించుట. మెట్టపొలములలో అడవిపందులకని పఱచు తీగయే ఇచట దొంగలకని పఱచు తీగ అగుచున్నది. దీనిని గూర్చి సుప్రీంకోర్టు 1963 జూలై 31వ తేదీననే తీర్పు చెప్పియున్నది. బీహారులో ఒకని పొరుగింటి మరుగుదొడ్డి గోడ కూలి నలుగురికి కనబడునట్లు కాగా, ఆ ఇంటివారు ఇతని మరుగుదొడ్డిని వాడుకొనసాగిరి. వలదని చెప్పెను, వారు వినరైరి. అతడు త్రోవకడ్డముగా వట్టి రాగితీగ కట్టి దానిలో కరెంటు పెట్టెను. ఆ ఇంటి స్త్రీ లోనికి పోవునపుడు తీగ తగులలేదు. బయటికి వచ్చునపుడు చేయి తగిలినది, ఆమె మరణించినది. చెరుబిన్ గ్రెగరీ కేసనునది ఇదియే. నా స్థలములోనికి అనుమతి లేక వచ్చినందున నాకు ఆత్మరక్షణ హక్కు కలదని అతడు వాదింపగా, అక్రమముగా ప్రవేశించినవాడైనను మనుష్యుడే యనియు, అట్టివానికి హాని చేయు యంత్రమును కంటికి కనబడకుండ పన్నియుంచు హక్కు భూస్వామికి లేదనియు కోర్టు నిర్ణయించి శిక్షను ఖాయపఱచినది.

ఈ తీర్పులోని న్యాయము నా మనస్సునకు పూర్తిగా సమ్మతమైనది. ఏలయన, ఆత్మరక్షణ యనునది కన్ను తెఱచి ఎదుటివానిని చూచి, వాని వలన వచ్చు అపాయమును తెలిసికొని చేయు కార్యము. తీగకు కన్ను లేదు. దొంగ యెవడో, దారి తప్పిన పిల్లవాడెవడో, పాలెమునుండి బహిర్భూమికి వచ్చిన ముసలమ్మ యెవరో, తెల్లవాఱుజామున కరెంటు తీయుట మఱచి గట్టెక్కిన గుంట యజమాని కొడుకెవడో దానికి తెలియదు. ఇంగ్లాండులో పూర్వము తోటలలో తాడు తగిలినంతనే పేలు తుపాకులను దాచియుంచెడివారు. 1825లో ఒక యువకుడు తప్పిపోయిన నెమలి వెంట పొరుగువాని తులిపుపూల తోటలోనికి దిగి అట్టి తుపాకిచే గాయపడెను. 1828లో కోర్టు అతనికి నష్టపరిహారమిప్పించెను. 1827లోనే అట్టి తుపాకులను నిషేధించుచు పార్లమెంటు శాసనము చేసినది. గోడమీద గాజుపెంకులు పొదుగుట, ముళ్లకంప నాటుట, కుక్కను పెంచుట, లైటు వేసి విజిలు ఊదుట — ఇవన్నియు కంటికి కనబడి హెచ్చరించు అడ్డులు. చీకటిలో పొంచియుండు కరెంటు తీగ వానితో సమానము కాజాలదు. నేటి చట్టములో నిర్లక్ష్యమువలన మరణము కలిగించినవానికి శిక్ష ఐదేండ్ల వఱకు పెంపబడినది. మనిషి చచ్చునని తెలిసియే పఱచినాడని ఋజువైనచో నేరము ఇంకను పెద్దదగును. స్తంభపు తీగకు కొక్కెము తగిలించి దొంగకరెంటు వాడినచో విద్యుచ్చౌర్యము వేఱుగా చేరును.

తీగకంటె తఱచుగా జరుగునది, పట్టుపడిన దొంగను కట్టివేసి కొట్టుట. ఊరివారు మూగుదురు, వేపచెట్టుకో కరెంటు స్తంభముకో వలత్రాటితో కట్టుదురు, మొదటి దెబ్బ నష్టపోయినవానిది, తరువాతి దెబ్బలు ఏ నష్టమును లేనివారివి. చేతులు కట్టబడినవానివలన అపాయమేమి? అపాయము లేనిచోట ఆత్మరక్షణ యెక్కడిది? తన కన్నులయెదుట వారంటు లేకయే అరెస్టు చేయదగిన, బెయిలు హక్కు లేని నేరము చేసినవానిని పట్టుకొను అధికారము ప్రతి పౌరునకు, నేరవిచారణ పద్ధతిని నిర్దేశించు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 40వ సెక్షను ఇచ్చుచున్నది. ఆలస్యము చేయక, ఎట్లైనను ఆఱు గంటలలోపల, పోలీసులకు అప్పగింపవలెనని కూడ అదియే చెప్పుచున్నది. ఆ ఆఱు గంటలు అప్పగించుటకే గాని విచారణకు గాని శిక్షకు గాని కావు. గుంపులో ఒకని దెబ్బకు మనిషి చచ్చినను, ఐదుగురు గాని అంతకు మించి గాని ఒకే అక్రమోద్దేశముతో కూడినచో అందఱును ఆ నేరమునకు బాధ్యులగుదురు. నేనొక్క దెబ్బయే వేసితినను మాట చెల్లదు.

ఇది ఊహించి చెప్పునది కాదు. 2018 మే నెలలో, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు దిగినవని వాట్సాపులో వదంతులు రేగి, తెలుగు రాష్ట్రములలోను తమిళనాట ఉత్తరభాగమునను నిద్రలేని రాత్రులు గడచినవి. పార్థీ ముఠాయని పేరు పెట్టి, ఊరి పొలిమేరలలో కఱ్ఱలతో కాపలా కాచిరి. భాష రాని బిచ్చగాండ్రను, బాటసారులను పట్టి కొట్టిరి. కొన్ని చోట్ల చంపిరి. మన పులికాటు సరస్సునకు దక్షిణపుటొడ్డున, తిరువళ్లూరు జిల్లాకు చెందిన పళవేర్కాడులో, ఒక అపరిచితుని గుంపు కొట్టి చంపి వంతెనకు వ్రేలాడదీసినది. అతడు మతిస్థిమితము లేక తిరుగుచుండినవాడని పత్రికలు వ్రాసినవి. ఏ ఇల్లును అతడు దూఱలేదు. మతి లేనివాడు మీదికి వచ్చినను ఎదిరించు హక్కు మనకు కలదని న్యాయ సంహితలోని 36వ సెక్షను చెప్పును. మీదికి రానివానిపై, తిరుగుట తప్ప మఱేమియు చేయనివానిపై, ఏ సెక్షనును ఏ హక్కును ఇయ్యదు. ఆ సంవత్సరము జూలై 17వ తేదీన సుప్రీంకోర్టు తహసీన్ పూనావాలా కేసులో, మూకహత్యలను నివారించుటకు ప్రతి జిల్లాలోను పోలీసు సూపరింటెండెంటు హోదాకు తగ్గని అధికారిని నియమింపవలెనని ఆదేశించినది.

భయము ఎవరిమీద వ్రాలునో ఆలోచించినపుడు నెల్లూరు సీమకు ఒక బరువైన చరిత్ర కలదు. 1871 నాటి నేరస్థజాతుల చట్టమును 1911లో సవరించి మద్రాసు రాజధానికి వర్తింపజేసిన పిమ్మట, ఇదే జిల్లాలోని కావలిలో ఎఱుకలవారికై అమెరికన్ బాప్టిస్టు మిషను నిర్వహణమున ఒక సెటిల్మెంటు నడచెను. పుట్టిన కులమే నేరముగా, వారు పేర్లు వ్రాయించుకొని, పిలిచిన వేళకు హాజరు పలికి, అనుమతి లేక పొలిమేర దాటరాని బ్రదుకు బ్రదికిరి. ఆ చట్టమును ఎదిరించినవారిలో నెల్లూరివారైన వెన్నెలకంటి రాఘవయ్యగారు ముఖ్యులు. యానాదుల అభ్యున్నతికై జీవితమంతయు వెచ్చించిన ఆయనను 1973లో భారత ప్రభుత్వము పద్మభూషణముతో గౌరవించినది. చట్టము 1952లో పోయినది. అయినను ఊరిలో చెంబు పోయినంతనే మొదట వెదకబడునది చెఱువుగట్టున గుడిసె వేసికొన్న యానాది ఇల్లేయనుట, ఈ తీరమున తిరిగినవారెవ్వరును కాదనలేని సత్యము. రాత్రి తెలియని నీడను చూచి మనము పడు భయము న్యాయమైనదా కాదా యని కోర్టు అడుగునపుడు, ఆ నీడ చేసిన పనిని బట్టి అడుగును గాని, ఆ నీడ ఏ కులముదో బట్టి అడుగదు. యానాది గుడిసెను అర్ధరాత్రి తోసికొని వెదకవచ్చిన పెద్దమనుష్యులే ఆ క్షణమున అక్రమప్రవేశకులు. తన గుడిసెను కాపాడుకొను హక్కు ఆ ఇంటివానిదే. దీనిని నేను మనఃపూర్వకముగా నొక్కి చెప్పుచున్నాను.

చివరకు, నిజముగా అట్టి రాత్రి వచ్చి, ఇంటివారి దెబ్బకు దూఱినవాడు పడిపోయినచో చేయవలసినదేమి? 112కు ఫోను చేయవలెను. వాడు బ్రదికియున్నచో వైద్యమునకు పంపవలెను. కేసు మనమీద నమోదైనంతమాత్రమున మనము నేరస్థులమైతిమని బెదరరాదు. మనిషి గాయపడినపుడో మరణించినపుడో విచారణ జరుగుట సహజము. ఆత్మరక్షణార్థమై చేసితినని చూపవలసిన భారము చేసినవానిమీదనే యున్నది. ఇదివఱకు సాక్ష్యచట్టపు 105వ సెక్షనుగా నుండిన ఈ విధి, దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున ఇప్పుడు 108వ సెక్షను. కాని ప్రభుత్వపక్షమువారు నేరమును రుజువు చేయవలసినంత నిస్సంశయముగా అతడు దానిని రుజువు చేయనక్కఱ లేదు. జరిగియుండుటకే ఎక్కువ అవకాశము కలదని తోపింపజేసిన చాలును. 1968 నాటి లా రిపోర్టులకెక్కిన మున్షీరామ్ కేసు తీర్పు ప్రకారము, నిందితుడు ఆ మాట తన నోట చెప్పకపోయినను, సాక్ష్యమునుండి అది తేలుచున్నచో కోర్టు దానిని పరిశీలింపవలసియున్నది. అయినను మొదటి రాత్రి చెప్పు మాటకు విలువ యెక్కువ. భయముచేత, నేను కొట్టనేలేదని మొదట బొంకి, తరువాత ఆత్మరక్షణమని చెప్పువాని మాట తేలికయగును. పగిలిన కిటికీని, పెరికిన తడికను, క్రిందపడిన గునపమును పంచనామా వ్రాయువఱకు ఉన్నవి ఉన్నట్లే యుంచవలెను. ఇంటివారికి తగిలిన దెబ్బలను, అవి గోటిగీతలైనను సరే, ఆ రాత్రియే ప్రభుత్వాసుపత్రిలో చూపించి గాయముల సర్టిఫికెట్టు పొందవలెను. వచ్చినవాని చేతిలో ఏమి యుండెనో, వాడు ఎంత దగ్గఱకు వచ్చెనో, న్యాయమూర్తికి తరువాత తెలియజెప్పునది తఱచుగా ఆ ఒక్క కాగితమే.